హైదరాబాద్‌లో లయన్ ఫిష్ పెంచొచ్చా? ముల్లు గుచ్చుకుంటే ఏంటి పరిస్థితి?

నిజాంపేట_ట్యాంకు (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. ప్రస్తుతానికి ఒక జత క్లౌన్ ఫిష్‌లు, కొన్ని చిన్న డామ్సెల్ చేపలు, ఒక క్లీనర్ ష్రింప్ ఉన్నాయి. మొన్న మా దగ్గర షాపులో లయన్ ఫిష్ పిల్ల వచ్చింది. అరచేతిలో సగం కూడా లేదు. ఆ ఎర్ర చారలూ, విప్పుకున్న రెక్కలూ చూశాక వదలబుద్ధి కావట్లేదు. షాపాయనేమో "ఏం కాదు సార్, కుట్టినా తేనెటీగ కుట్టినట్టే, పిల్లలున్న ఇళ్లకు కూడా ఇచ్చాను" అంటాడు. విషం అన్న మాట వినగానే మా ఆవిడ వద్దంది. మాకు ఆరేళ్ల పాప ఉంది.

నిజంగా పెంచినవాళ్లు ఉంటే చెప్పండి. ఈ ట్యాంకు సరిపోతుందా? విషం ఏ రెక్కల్లో ఉంటుంది? ఒకవేళ గుచ్చుకుంటే మన దగ్గర ఆసుపత్రుల్లో మందు దొరుకుతుందా?

గుంటూరు_రీఫ్ (శనివారం, రాత్రి 10:15)

పాప సంగతి తర్వాత, ముందు మీ క్లౌన్ ఫిష్‌ల సంగతి చూడండి. లయన్ ఫిష్‌కి నోట్లో పట్టే ప్రతిదీ తిండే. ఇప్పుడు అరచేతిలో సగం ఉన్నది ఏడాది తిరిగేసరికి జానెడు పొడవుకు దగ్గర పడుతుంది. వోలిటాన్స్ అనే పెద్ద జాతి అయితే 38 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. డామ్సెల్స్ ఒక్కొక్కటీ మాయమవుతుంటాయి, మీరేమో ఫిల్టర్‌లో ఇరుక్కుపోయాయేమోనని వెతుకుతుంటారు. ష్రింప్ అయితే మొదటి వారమే ఉండదు.

300 లీటర్లు చాలవు. పెద్ద జాతికి 450 లీటర్లు కనీసం. మాంసం తినే చేప కాబట్టి వ్యర్థాలు ఎక్కువ, మురికిని నురగగా తీసేసే మంచి స్కిమ్మర్ ఉండాలి. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య. మన ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా అది జరిగే పని కాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద పంపులు నడిచే ఏర్పాటు చేసుకోండి.

తిండి దగ్గర ఎక్కువమంది చేసే పని ఒకటుంది: చవగ్గా దొరుకుతాయని గోల్డ్ ఫిష్ పిల్లలు వేస్తారు. వద్దు. వాటిలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. పైగా మంచినీటి చేపల కొవ్వు దీనికి పడదు, కాలేయం పాడవుతుంది. మొదట్లో బతికున్న రొయ్యపిల్లలు వేసి, మెల్లగా పుల్ల చివర గుచ్చిన ఫ్రోజెన్ రొయ్య ముక్కకు అలవాటు చేయాలి. అలవాటు పడితే మాత్రం మనిషిని గుర్తుపట్టి గాజు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఆ ముచ్చట ఉంది, కాదనను.

వైజాగ్_బుడగలు (శనివారం, రాత్రి 10:52)

మా ఋషికొండ వైపు రాళ్ల సందుల్లో డైవింగ్‌కి వెళ్తే ఇవి కనిపిస్తుంటాయి. మీదకు రావు, పారిపోవు. మనం దగ్గరికి వెళ్తే తల కిందకి వంచి వీపు మీది ముళ్లు మనవైపు తిప్పుతాయి. ట్యాంకులో కూడా అంతే. అది తల వంచిందంటే ఇక చెయ్యి బయటకు తీసేయాలని అర్థం.

ఆ విసనకర్రల్లా ఉండే పక్క రెక్కల్లో అసలు విషం లేదు. చాలామంది వాటిని చూసే భయపడతారు. అవి వేట కోసం. చిన్న చేపల గుంపును మూలకు తోసి, దారి మూసేయడానికి వాడుతుంది. ఇంకో తమాషా, ఎర చేప మీదకు నోటితో నీటిని చిమ్ముతుంది. ఆ ప్రవాహం ఎటునుంచి వస్తోందా అని చేప ఇటు తిరుగుతుంది, తలవైపు నుంచి మింగేయడం దీనికి సులువవుతుంది.

కాకినాడ_డాక్టరమ్మ (ఆదివారం, ఉదయం 7:20)

విషపు ముళ్లు మొత్తం 18. వీపు మీద 13, కడుపు కింద రెండు రెక్కల్లో ఒక్కొక్కటి, తోకకు ముందు అడుగున ఉండే రెక్కలో 3. ప్రతి ముల్లుకీ రెండు పక్కలా పొడవునా సన్నటి గాడి ఉంటుంది. విషం తయారయ్యే కణజాలం ఆ గాడిలోనే ఉంటుంది, మీద పల్చటి తోలు తొడుగు. ముల్లు మన ఒంట్లోకి దిగినప్పుడు ఆ తొడుగు వెనక్కి పోయి, గాడి నలిగి విషం గాయంలోకి చేరుతుంది. పాములాగా ఇది విషాన్ని చిమ్మలేదు, కావాలని కుట్టదు కూడా. ఎంత లోతుగా దిగింది, ఎన్ని ముళ్లు దిగాయి అన్నదాన్ని బట్టే నొప్పి.

తేనెటీగ అంతే అన్న మాట నమ్మకండి. నొప్పి క్షణాల్లో మొదలై గంటన్నర లోపు బాగా పెరుగుతుంది. కొందరికి ఆరు నుంచి పన్నెండు గంటలు ఉంటుంది. చెయ్యి మొత్తం వాస్తుంది. వాంతి వచ్చినట్టు ఉండటం, చెమటలు, కళ్లు తిరగడం కూడా కొందరిలో కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ప్రాణం మీదకు రావడం చాలా అరుదు. పిల్లలకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, ఎలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం ఆ ధీమా పనికిరాదు.

చేయాల్సింది ఇది. దీని విషం ప్రొటీన్, వేడికి పాడవుతుంది. అందుకని గుచ్చుకున్న చేతిని 40 నుంచి 45 డిగ్రీల వేడి నీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. నీళ్లు చల్లబడుతుంటే మళ్లీ కలుపుతుండాలి. వేడి ఎంతుందో గుచ్చుకోని చేత్తో చూడండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే దెబ్బ తగిలిన చెయ్యి నొప్పితో మొద్దుబారి ఉంటుంది, నీళ్లు కాలుతున్నా తెలియదు. విషం కన్నా బొబ్బలతో ఎక్కువ బాధపడ్డ పేషెంట్లుంటారు. పైకి కనిపిస్తున్న ముల్లు ముక్కలు ఉంటే పట్టకారుతో తీయండి, లోపలికి కెలకొద్దు.

తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. టీటీ ఇంజెక్షన్, ముక్క లోపల విరిగిందేమో ఎక్స్‌రే, గాయం లోతుగా ఉంటే యాంటీబయోటిక్. ఉప్పునీటి గాయాల్లో విబ్రియో లాంటి బాక్టీరియా ఉంటుంది కాబట్టి మంచినీటి గాయంలా తీసుకోకూడదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, ముఖం వాపు వస్తే వేడి నీళ్లతో టైం వేస్ట్ చేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి.

మందు అడిగారు కదా. లయన్ ఫిష్ కోసమంటూ ప్రత్యేకంగా విరుగుడు లేదు. దీని బంధువు స్టోన్ ఫిష్‌కి ఆస్ట్రేలియాలో 1959 నుంచి విరుగుడు ఉంది. అది మన దగ్గర దొరికే వస్తువు కాదు, దీనికి సాధారణంగా అవసరమూ రాదు.

ఉప్పాడ_కుర్రోడు (ఆదివారం, ఉదయం 8:05)

మేడమ్ గారూ, మా తాత టేకు చేప (స్టింగ్ రే) ముల్లు దిగినవాళ్లకి వేడి నీళ్ల కుండలో కాలు పెట్టించేవాడు. మిగతావాళ్లు సున్నం రాసేవారు, పైన తాడు బిగించి కట్టేవారు. జెల్ల ముల్లుకి కూడా అంతే. ఈ చారల చేప వలలో పడితే మాత్రం ఎవరూ చేత్తో ముట్టుకోరు, కర్రతో తోసేస్తారు. వల కళ్లల్లో చిక్కుకుంటే ఆ కాస్త వలా కోసేయడమే. కొనేవాళ్లు లేరు కదా, ఎందుకొచ్చిన గొడవ.

కాకినాడ_డాక్టరమ్మ (ఆదివారం, ఉదయం 8:30)

మీ తాతగారు చేసిందే సరైన వైద్యం. టేకు, జెల్ల, లయన్ ఫిష్, స్టోన్ ఫిష్ అన్నిటికీ మొదటి సాయం వేడి నీళ్లే. తాడు కట్టడం వద్దు. రక్తం ఆగిపోయి ఆ భాగమే దెబ్బతింటుంది. కోసి రక్తం పిండటం, నోటితో పీల్చడం, సున్నం, ఐసు, ఏవీ వద్దు. వెనిగర్ పోయమని కొందరు చెబుతారు, అది కొన్ని రకాల జెల్లీ ఫిష్‌లకు, దీనికి కాదు.

ఒక మాట అదనంగా. చచ్చిన చేప ముల్లు కూడా అంతే ప్రమాదం. ఫ్రిజ్‌లో పెట్టిన దానిలో కూడా విషం చాలా రోజులు పనిచేస్తుంది.

నిజాంపేట_ట్యాంకు (ఆదివారం, ఉదయం 9:12)

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. మా ఆవిడకి మీ పోస్టు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది 🙂

ఇంకో డౌటు. రేపు పెద్దదైపోయి పెంచలేకపోతే ఏం చేయాలి? వైజాగ్ వెళ్లినప్పుడు సముద్రంలో వదిలేయొచ్చా? ఎలాగూ మన సముద్రంలో ఉండే చేపే కదా.

టాంపా_తెలుగు (ఆదివారం, ఉదయం 10:47)

వదిలేయడం అన్న మాట చూసి నిద్ర మానుకుని రాస్తున్నా. నేను అమెరికాలో, ఫ్లోరిడాలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు ఉంటాను. ఇక్కడ మొత్తం సముద్రం ఇప్పుడు ఈ చేపతో పడుతున్న అవస్థకి మూలం ఆ ఒక్క పనే.

ఈ చేప పుట్టిల్లు హిందూ మహాసముద్రం, పసిఫిక్. అట్లాంటిక్‌లో అసలు లేదు. 1985లో ఫ్లోరిడాలోని డానియా బీచ్ దగ్గర మొదటిది కనిపించింది. ఇళ్లలోని అక్వేరియంల నుంచే సముద్రంలోకి వచ్చాయని ఇక్కడ దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి. పెద్దదై పక్క చేపల్ని తినేస్తుంటే చంపడానికి మనసొప్పక, పాపమని తీసుకెళ్లి వదిలినవాళ్లే ఎక్కువ ఉంటారని నా అనుమానం. 2000 నాటికి నార్త్ కరొలైనా, బెర్ముడా. 2004కి బహామాస్. తర్వాత క్యూబా, జమైకా, మెక్సికో. 2010కి గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఉత్తర భాగం. 2014లో బ్రెజిల్‌లో రియో రాష్ట్రం దాకా దొరికింది.

ఆడచేప నాలుగు రోజులకోసారి గుడ్లు పెట్టగలదు, ఏడాది మొత్తానికి 20 లక్షల దాకా. జిగురుముద్దల్లా ఉన్న ఆ గుడ్లు నీటి పైభాగానికి తేలి ప్రవాహంతో ఎంత దూరమైనా పోతాయి. ఇక్కడి చేపలకి ఇది వేటగాడని తెలియదు, పక్కనే నిలబడి ఉంటాయి. మింగేస్తుంది. దీన్ని తినే అలవాటు ఇక్కడి పెద్ద చేపలకూ లేదు. నేను డైవింగ్‌లో చూసినంతవరకు గ్రూపర్లనే పెద్ద చేపలు దీన్ని చూసి పక్కకు తప్పుకుంటాయి.

సుత్తి_సూరిబాబు (ఆదివారం, ఉదయం 11:30)

1992లో ఆండ్రూ తుఫాను వచ్చి ఒక పెద్ద అక్వేరియం పగిలి ఆరు లయన్ ఫిష్‌లు సముద్రంలో పడ్డాయని, వాటి సంతానమే ఇదంతా అని ఒక వీడియోలో చూశాను. మీరేమో జనం వదిలారంటున్నారు.

ఎమ్మెస్సీ_మెరైన్ (ఆదివారం, మధ్యాహ్నం 12:10)

ఆ ఆరు చేపల కథ బాగా ప్రచారమైంది, సూరిబాబు గారూ. అయితే లెక్క కుదరదు. మొదటి రికార్డు 1985, తుఫాను 1992. తుఫానుకి ఏడేళ్ల ముందే చేప అక్కడుంది. ఆ కథను మొదట రాసిన శాస్త్రవేత్త కూడా తర్వాత దాని మీద నిలబడలేదు.

అమెరికా తూర్పు తీరంలో ఉన్నవి రెండు జాతులు. ఎక్కువ శాతం టెరాయిస్ వోలిటాన్స్, కొన్ని టెరాయిస్ మైల్స్. జన్యువులు చూస్తే వైవిధ్యం చాలా తక్కువ. అంటే కొద్ది చేపల నుంచే ఇంత సంతానం పుట్టింది. 2018లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం ఇంకా ఆసక్తికరమైన మాట చెప్పింది. వోలిటాన్స్ అన్నదే హిందూ మహాసముద్రం వైపు వంశం, పసిఫిక్ వైపు వంశం కలిసి పుట్టిన సంకరం అయి ఉండొచ్చని. సంకరజాతుల్లో కనిపించే బలం దీని విజయానికి ఒక కారణమేమో అని వాళ్ల ఆలోచన.

నష్టం ఎంత అంటే, బహామాస్‌లో 2008లో అచ్చయిన ప్రయోగం ఒకటి చూడండి. చిన్న పగడపు దిబ్బల మీద ఒక్కొక్క లయన్ ఫిష్‌ని ఉంచి, లేని దిబ్బలతో పోల్చారు. ఐదు వారాల్లో కొత్తగా వచ్చి చేరే స్థానిక చేపపిల్లలు 79 శాతం తగ్గాయి. ఒక్క చేపతో. అదే బహామాస్‌లో తర్వాత లెక్కపెడితే హెక్టారుకు 390కి పైగా లయన్ ఫిష్‌లు తేలాయి. ఎర్ర సముద్రంలో, అంటే వాటి సొంత ఊళ్లో, ఎక్కువ ఉన్నచోట కూడా హెక్టారుకు 80 దాకానే లెక్క తేలింది.

ఇక వైజాగ్‌లో వదలొచ్చా అన్నది. మన సముద్రంలో ఈ రకాలు ఉన్న మాట నిజమే. కానీ షాపులో దొరికేది ఏ సముద్రం నుంచి వచ్చిందో, ఏ జబ్బులు, పరాన్నజీవులు పట్టుకొచ్చిందో మీకు తెలియదు, షాపాయనకూ తెలియదు. మీ ట్యాంకులోని మిగతా చేపల జబ్బులు కూడా దానితోపాటు పోతాయి. వద్దు. పెంచలేకపోతే పెంచగలిగినవాళ్లకు ఇవ్వాలి, లేదా షాపుకి తిరిగివ్వాలి.

సుత్తి_సూరిబాబు (ఆదివారం, మధ్యాహ్నం 12:25)

హుస్సేన్ సాగర్‌లో వదిలితే?

గుంటూరు_రీఫ్ (ఆదివారం, మధ్యాహ్నం 12:31)

మంచినీళ్లలో ఉప్పునీటి చేప బతకదు. సాగర్ నీళ్లలో మంచినీటి చేపే కష్టం మీద బతుకుతోంది, సూరీ.

వైజాగ్_బుడగలు (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

ఎమ్మెస్సీ గారూ, మన దగ్గర ఉన్నది ఏ రకం? నేను చూసినవాటిలో కొన్నిటికి తోక మీద మచ్చలు ఉండవు.

ఎమ్మెస్సీ_మెరైన్ (ఆదివారం, మధ్యాహ్నం 3:55)

తోక మీద, వెనక రెక్కల మీద మచ్చలు లేకుండా ఖాళీగా ఉంటే టెరాయిస్ రస్సెలై అయ్యే అవకాశం ఎక్కువ. అది పగడపు దిబ్బలకే పరిమితం కాదు, ఇసుక, బురద నేలల మీద కూడా తిరుగుతుంది. అందుకే ట్రాల్ వలల్లో కూడా పడుతుంది.

ఆ పేరు వెనక మన వైజాగే ఉంది. పాట్రిక్ రస్సెల్ అని ఒక వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త. 1780లలో విశాఖపట్నంలో ఉండి, అక్కడ దొరికిన 200 చేపలకు బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. మన జాలర్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఈ చేప అందులో "కోడిపుంజి" అని ఉంది. 1831లో బెన్నెట్ అనే ఆయన ఆ రకానికి రస్సెల్ పేరు పెట్టాడు. 1852లో డచ్ శాస్త్రవేత్త బ్లీకర్ అదే చేపకు టెరాయిస్ కోడిపుంగి అని పెట్టాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి ఇది ఇప్పుడు పర్యాయపదంగా మిగిలింది.

మన రక్తపింజర శాస్త్రీయ నామంలో ఉన్నది కూడా ఈ రస్సెలే. పాముల మీద ఆయన పుస్తకం 1796లో వచ్చింది.

ఉప్పాడ_కుర్రోడు (ఆదివారం, సాయంత్రం 4:20)

మా ఊళ్లో ఇప్పుడు ఆ పేరు వినలేదు. కానీ వలలో నుంచి తీసి పడేస్తే రెక్కలు విప్పి ఎగిరే తీరు చూస్తే పెట్టినవాడు బాగానే పెట్టాడు.

రిటైర్డ్_మాస్టారు (ఆదివారం, సాయంత్రం 5:45)

చర్చ బాగుంది. నా సందేహం ఒకటే. అక్కడ శత్రువులు లేరంటున్నారు. మరి షార్కులకో, గ్రూపర్లకో దీన్ని తినడం నేర్పించకూడదా? ఇన్ని దేశాలున్నాయి, ఇంతమంది శాస్త్రజ్ఞులున్నారు.

టాంపా_తెలుగు (ఆదివారం, సాయంత్రం 6:58)

మాస్టారూ, ఆ ప్రయత్నమూ జరిగింది. హోండురస్‌లోని రోఅటాన్ ద్వీపం దగ్గర డైవర్లు ఈటెకు గుచ్చిన లయన్ ఫిష్‌ని షార్కులకు అందించారు. తిన్నాయి. అయితే ఇలా అలవాటు పడ్డ షార్కులు, పెద్ద చేపలు డైవర్ కనిపిస్తే తిండి వచ్చిందనుకుని వెంటపడతాయి. తమంతట తాము వేటాడి తింటాయన్న నమ్మకమూ లేదు. ఇప్పుడు చాలాచోట్ల అలా తినిపించొద్దనే చెబుతున్నారు.

కాబట్టి మిగిలిన దారి మనిషే. ఫ్లోరిడాలో చేతి ఈటెతో లయన్ ఫిష్ పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, ఎన్నయినా పట్టొచ్చు, ఏ సైజైనా పట్టొచ్చు. 2014 నుంచి బతికున్న లయన్ ఫిష్‌ని రాష్ట్రంలోకి దిగుమతి చేసుకోవడం నిషేధం. పోటీలు పెడతారు, డెర్బీలంటారు. ఎవరు ఎక్కువ పడితే వాళ్లకు బహుమతి, అతి పెద్దదానికి ఒకటి, అతి చిన్నదానికి ఒకటి. చిన్నదానికి ఎందుకంటే, పిల్లల్ని కూడా వదలకుండా వెతికి పట్టాలని.

నీళ్లలో పట్టే పద్ధతి చెప్తాను. ఈటె మొన తలకు కాస్త వెనక తగలాలి. తర్వాత దాన్ని చేత్తో తీయరు. గట్టి ప్లాస్టిక్ గొట్టం ఒకటి నడుముకు వేలాడుతుంది, ఒక వైపు లోపలికి మాత్రమే వంగే మూత. ఈటెతో సహా లోపలికి తోసి బయటకు లాగితే చేప లోపల ఉండిపోతుంది. సంచీ వాడితే ముళ్లు దాన్ని చీల్చుకుని తొడకు దిగుతాయి. ఆ కేకలు నీళ్లలో కూడా వినిపిస్తాయి.

రిటైర్డ్_మాస్టారు (ఆదివారం, రాత్రి 7:20)

ఇలా ఒక్కొక్కటీ పొడుచుకుంటూ పోతే ఎప్పటికి అయ్యేను?

ఎమ్మెస్సీ_మెరైన్ (ఆదివారం, రాత్రి 8:02)

అయ్యేది కాదు మాస్టారూ. మొత్తం ఊడ్చేయడం సాధ్యం కాదని అందరూ ఎప్పుడో ఒప్పుకున్నారు. మామూలు డైవర్లు 40 మీటర్ల దాకా దిగుతారు, ఈ చేప 300 మీటర్ల లోతులో కూడా కనిపించింది. 2011లో వేసిన ఒక లెక్క ప్రకారం పెద్ద చేపల్లో 27 శాతం ప్రతి నెలా తీసేస్తూ ఉంటేనే సంఖ్య తగ్గుతుంది. సముద్రమంతా అది ఎవరి వల్ల అవుతుంది?

కానీ పూర్తిగా తీయాల్సిన అవసరమూ లేదు. 2014లో బహామాస్‌లోనే మరో అధ్యయనం వచ్చింది. దిబ్బల మీద లయన్ ఫిష్‌లను ఒక హద్దుకు తక్కువగా ఉంచుతూ పోతే చాలు, స్థానిక చేపల మొత్తం బరువు ఏడాదిన్నరలో 50 నుంచి 70 శాతం పెరిగిందని తేలింది. అంటే ఎంచుకున్న చోట్ల క్రమం తప్పకుండా కలుపు తీయడమే. నాకు నచ్చింది ఆ అధ్యయనమే. ఊరికే యుద్ధం, దండయాత్ర అని పెద్ద మాటలు రాసే వార్తల కన్నా డైవర్లకి అదే ఉపయోగం.

ఇంకో సంగతి. 2017లో గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఉత్తర భాగంలో వీటి ఒంటి మీద పుండ్లు కనిపించాయి. తర్వాత ఏడాదిలో అక్కడ సంఖ్య బాగా పడిపోయింది. ఈటెలు చేయలేని పని ఆ జబ్బు చేసింది.

మధ్యధరా సముద్రంలో వేరే కథ. అక్కడికి అక్వేరియంల నుంచి కాదు, ప్రధానంగా ఎర్ర సముద్రం నుంచి సూయజ్ కాలువ గుండా మైల్స్ జాతి చేరింది. 1991లో ఇజ్రాయెల్ తీరంలో ఒకటి దొరికి, తర్వాత ఇరవై ఏళ్ల దాకా అలికిడి లేదు. 2012లో లెబనాన్‌లో మళ్లీ కనిపించింది. ఇక అక్కడి నుంచి సైప్రస్, టర్కీ, గ్రీసు వరుసగా.

ఉప్పాడ_కుర్రోడు (ఆదివారం, రాత్రి 8:30)

అంత పట్టి ఏం చేస్తారు? తింటారా?

టాంపా_తెలుగు (ఆదివారం, రాత్రి 9:35)

తింటాం తమ్ముడూ, బ్రహ్మాండంగా ఉంటుంది. విషం ముళ్లలోనే, మాంసంలో లేదు. తెల్లటి మెత్తటి మాంసం, నీచు వాసన తక్కువ, సన్నముళ్ల బెడద లేదు. చందువ అంత రుచి అని మాత్రం అనను, మా ఇంట్లో ఆ మాట మీద గొడవలవుతాయి. పులుసులో పెడితే తొందరగా విరిగిపోతుంది. కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపుడు చేస్తే దానికి తగ్గట్టు ఉంటుంది.

శుభ్రం చేసేటప్పుడు మందపాటి గ్లౌజులు వేసుకుని, ముందు 18 ముళ్లూ వంటింటి కత్తెరతో మొదలు దాకా కత్తిరించి డబ్బాలో మూత పెట్టి పడేయాలి. చెత్త సంచీలో ఊరికే వేస్తే చెత్త తీసేవాడికి గుచ్చుకుంటుంది. తర్వాత మామూలు చేపే.

2016లో హోల్ ఫుడ్స్ అనే సూపర్ మార్కెట్ వాళ్లు ఫ్లోరిడా దుకాణాల్లో అమ్మడం మొదలుపెట్టారు. ధర మాత్రం ఎక్కువే. వల వేసి టన్నులు లాగే చేప కాదు, ఒక్కొక్కదాని వెనకా ఒక మనిషి నీళ్లలోకి దిగాలి. లాబ్‌స్టర్లు పట్టే బుట్టల్లో కొన్ని పడతాయి. లోతు నీళ్ల కోసం ప్రత్యేకమైన బోనులు తయారు చేస్తున్నారు. అవి కుదిరితే ధర దిగొచ్చు.

ఒక జాగ్రత్త. కరీబియన్‌లో కొన్ని చోట్ల పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం పేరుకుంటుంది. అది వండినా పోదు. ఆ ప్రాంతాల్లో పట్టిన లయన్ ఫిష్‌కీ అదే హెచ్చరిక ఉంది. స్థానికుల్ని అడిగి తినాలి.

కాకినాడ_డాక్టరమ్మ (ఆదివారం, రాత్రి 9:58)

ఉప్పాడ బాబూ, ఇది చదివి రేపే వలలో పడ్డదాన్ని కోయడానికి కూర్చోకు. గ్లౌజులు అంటే మాకిచ్చే పల్చటి రబ్బరువి కాదు. వాటిని ముల్లు లెక్క చేయదు.

ఉప్పాడ_కుర్రోడు (ఆదివారం, రాత్రి 10:04)

మా అమ్మ కోయనివ్వదు లెండి మేడమ్. పండుగప్ప దొరికే ఊళ్లో దీనికోసం ఎవరు తంటాలు పడతారు.

నిజాంపేట_ట్యాంకు (సోమవారం, ఉదయం 6:50)

రాత్రంతా చదివాను. పెద్ద రకం ఆలోచన మానేశాను. మరుగుజ్జు రకాలు ఉన్నాయట కదా, ఫజ్జీ డ్వార్ఫ్ లయన్ అని. అది నా 300 లీటర్లలో సరిపోతుందా? షాపాయన లైవ్ రాక్ (ట్యాంకులో పెట్టే, సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి) కూడా ఇస్తానన్నాడు, రామేశ్వరం సరుకట.

గుంటూరు_రీఫ్ (సోమవారం, ఉదయం 8:15)

ఫజ్జీ డ్వార్ఫ్ 15 నుంచి 17 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. 200 లీటర్లు దాటితే చాలు, మీ ట్యాంకు సరిపోతుంది. కానీ క్లౌన్ ఫిష్‌లు చిన్నవైతే వాటికి గ్యారంటీ లేదు, ష్రింప్‌కి అసలే లేదు. విషం దీనికీ ఉంది. మరుగుజ్జు అన్నంతమాత్రాన ముల్లు మర్యాదగా ఉండదు.

ఆ రామేశ్వరం సరుకు ముట్టుకోకండి. మన్నార్ సింధుశాఖ పగడపు దిబ్బల నుంచి తీసిందై ఉంటుంది. దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ. అమ్మినవాడితో పాటు కొన్నవాడి మీద కూడా కేసు. కృత్రిమ రాయి కొనుక్కోండి, సీసాలో దొరికే బాక్టీరియా పోసి ఆరు వారాలు నీళ్లు తిప్పండి.

ట్యాంకులో పని చేసేటప్పుడు చేప ఎక్కడుందో చూడకుండా చెయ్యి పెట్టొద్దు. దాన్ని ఇంకో చోటికి మార్చాలంటే వల వాడొద్దు, ముళ్లు చిక్కుకుని దానికీ నొప్పి, విడిపించబోయి మీకూ నొప్పి. ప్లాస్టిక్ డబ్బాలోకి తోలాలి. మూతకి తాళం పెట్టండి. పాప స్టూలు వేసుకుని ఎక్కే వయసు.

నిజాంపేట_ట్యాంకు (సోమవారం, ఉదయం 8:40)

తాళం ఉన్న మూత దొరుకుతుందా, చేయించుకోవాలా?

గుంటూరు_రీఫ్ (సోమవారం, ఉదయం 9:05)

చేయించుకోవాలి. 6 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు, కబ్జాలు, షోకేసులకి వేసే చిన్న తాళం. తిండి వేయడానికి ఒక మూలన అరచెయ్యి పట్టనంత చిన్న రంధ్రం పెట్టించండి, పుల్ల దూరితే చాలు. గాలి ఆడటానికి వెనక వైపు ఒక అంగుళం వదలమనండి, లేకపోతే మే నెలలో నీళ్లు ఉడుకుతాయి.

కాకినాడ_డాక్టరమ్మ (సోమవారం, ఉదయం 9:30)

ఆ అక్రిలిక్‌తో పాటు ఒక థర్మామీటర్ కూడా కొని ట్యాంకు పక్కనే పెట్టండి. జ్వరం చూసేది కాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది. పాలకి, వంటకి వాడే రకం కావాలి. ఇంట్లో గీజర్ ఉంటే అందులోంచి వచ్చే నీళ్లు ఎంత వేడో ఒకసారి కొలిచి గోడ మీద రాసుకోండి. చాలా గీజర్లు 60 డిగ్రీల మీద సెట్ చేసి ఉంటాయి, అవి నేరుగా పనికిరావు, చన్నీళ్లు కలపాలి.